తాటాకు తెగులా, తాటాకు పురుగా?

సందేహం: వరి ఆకులు తెల్లబారితే మా నరసన్నపేట ప్రాంతపు రైతులు ‘తాటాకు తెగులు’ తగిలిందంటారు. వ్యవసాయ విద్య చదువుతున్న మా మనుమడు మాత్రం అది తెగులు కాదనీ, పురుగు కనుక ‘తాటాకు పురుగు’ అనాలనీ వాదిస్తున్నాడు. ఏది సరి?

సమాధానం: మీ మనుమడు శాస్త్రం సరిగానే చెప్పాడు, పేరు మార్చబోవడంలోనే పొరబడ్డాడు. ఈ నష్టానికి కారణం ఒంటినిండా ముళ్లతో, నీలి నలుపు రంగులో, దాదాపు 5 మిల్లీమీటర్ల పొడవుండే ఒక పెంకు పురుగు. శాస్త్రజ్ఞులు దీనిని డైక్లాడిస్పా ఆర్మిజెరా అంటారు (ఆర్మిజెరా అంటే ఆయుధధారి, ఆ ముళ్లను చూస్తే పేరు తగినదే అనిపిస్తుంది). వాడుకలో ఉన్న ‘హిస్పా’ దాని పాత శాస్త్రీయనామంలోని మొదటి మాట. పెద్ద పురుగులు ఆకు పైభాగాన పచ్చదనాన్ని ఈనెల వెంబడి గీకి తినగా తెల్లని చారలు పడతాయి. పిల్ల పురుగులు ఆకు పొరల నడుమ చేరి తినగా పొక్కుల వంటి మచ్చలు ఏర్పడతాయి. ఉద్ధృతి పెరిగితే మడి అంతా ఎండిన తాటాకులా పాలిపోతుంది. ఆ చారలను తాటాకు మీది గంటపు గీతలతో పోల్చాలని నాబోటివారికి అనిపించవచ్చు గాని, రైతు చూసింది ఎండుటాకు రంగునే అని నా అభిప్రాయం.

ఇక ‘తెగులు’ సంగతి. శిలీంధ్రాలు, బాక్టీరియా, వైరస్‌ల వల్ల వచ్చేవే తెగుళ్లనీ, పురుగులు వేరనీ వ్యవసాయశాస్త్రం తన సౌకర్యం కోసం విభజించుకున్నది. జనవ్యవహారంలో తెగులంటే రోగం. అది పైరుకూ పశువుకూ మనిషికీ వర్తిస్తుంది. ‘నీకేటి తెగులొచ్చింది?’ అనే చీవాటు మన సిక్కోలులో తినని పిల్లలుండరు. రైతు కారకాన్ని బట్టి కాక, కంటికి కనిపించిన లక్షణాన్ని బట్టి పేరు పెట్టాడు. ఈగజాతి పురుగు వల్ల వరి పిలక ఉల్లికాడలా గొట్టమైపోతే దానిని ‘ఉల్లికోడు’ అన్నాడు. ఆ పేరులో పురుగు ఊసే లేదు.

‘పురుగు’కు ముందు చేరే మాట సాధారణంగా దాని ఉనికినో, ఆకారాన్నో, అది చేసే పనినో చెబుతుంది. బియ్యపు పురుగు బియ్యంలో ఉంటుంది. ఉద్దానంలో కొబ్బరి మొవ్వను తొలిచే కొమ్ము పురుగుకు కొమ్ముంటుంది. కాండం తొలుచు పురుగు పేరులోనే దాని పని ఉంది. ఆ లెక్కన ‘తాటాకు పురుగు’ అంటే తాటాకును తినే పురుగని అర్థమవుతుంది. కనుక ‘తాటాకు తెగులు’ సాధువే. మందుల దుకాణంలో మాత్రం ‘హిస్పా పురుగు’ అనే అడగడం మేలు. తెగులన్న మాట విని శిలీంధ్రాలను చంపే మందు చేతిలో పెడితే ఆ పురుగుకు ఏమీ కాదు.