ఫిబ్రవరిలో కూడా ఆ ఊరు నచ్చాలి

ప్రశ్న: మా అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, రెండేళ్లుగా బెంగళూరులో ఒక రెస్టారెంట్ వంటగదిలో పనిచేస్తోంది. ఇప్పుడు ఇటలీలోని పీమాంట్ వెళ్లి చదువుకుని, అక్కడే వైన్ పండించే పల్లెల్లో ఇరవై మంది కూర్చునే చిన్న హోటల్ పెట్టుకుంటానంటోంది. వైన్ అనగానే బంధువులు ఏమంటారోనని వాళ్లమ్మకు టెన్షన్. ఇల్లు తాకట్టు పెట్టి పంపమంటారా? - ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఇల్లు తాకట్టు పెట్టకండి. అలాగని అమ్మాయిని ఆపొద్దు కూడా.

తను ఎంచుకున్న చోటు మంచిదండీ. పీమాంట్‌లో ఆల్బా, బ్రా ఊళ్ల చుట్టూ ఉన్న కొండల్ని లాంగే అంటారు. ఫాస్ట్ ఫుడ్‌కి ఎదురుగా స్థానిక వంటల్ని నిలబెట్టాలనే స్లో ఫుడ్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన కార్లో పెట్రీనిది ఆ బ్రా ఊరే. 1986లో రోమ్ నడిబొడ్డున మెక్‌డొనాల్డ్స్ తెరిచినప్పుడు వచ్చిన నిరసనతో ఆ ఉద్యమానికి ఊపొచ్చింది. అదే ఏడాది, పీమాంట్ నుంచే బయటికెళ్లిన మెథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిపిన చౌక వైన్ తాగి ఇటలీలో 20 మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బ తిన్నాకే అక్కడి చాలా కుటుంబాలకు తక్కువ చేసినా నిఖార్సుగా చేయాలన్న పట్టుదల గట్టిపడింది. 2004లో బ్రా పక్కనే పొలెంజోలో ఆహారశాస్త్రాలకే ఒక విశ్వవిద్యాలయం వచ్చింది. మీ అమ్మాయి చూస్తున్నది బహుశా అదే.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి. 2025 అక్టోబర్‌లో కోసిన నెబ్బియోలో ద్రాక్షతో చేసిన వైన్‌ని, అక్కడి పేరున్న వైన్ అయిన ‘బరోలో’ పేరుతో అమ్మాలంటే 2029 జనవరి దాకా ఆగాలి. కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ఇది చట్టం. మరి అన్నాళ్లూ అక్కడి వైన్ రైతుకు ఇల్లు ఎలా గడుస్తుంది? త్వరగా అమ్మకానికొచ్చే ‘దోల్చెత్తో’ అనే వైన్, హేజెల్‌నట్ తోట, అద్దెకిచ్చే రెండు మూడు గదులు, ఒక చిన్న భోజనశాల. మామిడి కాపుకొచ్చేదాకా మన రైతు మొక్కల మధ్య వేరుశనగ వేసుకున్నట్టే. అమ్మాయి సొంతంగా పీపాల జోలికి వెళ్లకుండా, పక్క రైతుల వైన్ తెచ్చి వంటతో పాటు వడ్డిస్తే ఈ భారం తప్పుతుంది. నా సలహా అదే.

పొలంలో ఉన్న ఇంట్లోనే అతిథుల్ని పెట్టుకునే పద్ధతిని అక్కడ అగ్రితురిస్మో అంటారు. 1985 నుంచి దానికి చట్టం ఉంది. వ్యవసాయం చేసేవాళ్లకే, అదీ అతిథుల పని కంటే వ్యవసాయమే ప్రధానంగా ఉంటేనే ఆ అనుమతి, కాబట్టి అది తనకు ఇప్పట్లో కుదరదు. బరోలో ఊరి చుట్టుపక్కల మంచి ద్రాక్షతోట హెక్టారు పది లక్షల యూరోలు దాటుతుంది, ఆ ఆశ వద్దు. పీమాంట్‌లోనే అస్తి, మోన్‌ఫెర్రాటో అనే ప్రాంతాల వైపు ఊళ్లు చూసుకోమనండి. అక్కడా మంచి వైన్ ఉంది, అద్దెలు కూడా అందుబాటులో ఉంటాయి.

ఇరవై మందికే ఎందుకంటోందో చెబుతాను. అక్కడ ‘ప్లిన్’ అనే చిన్న పాస్తా చేస్తారు. పల్చటి పిండి పట్టీ మీద వేయించిన మాంసం ముద్దలు చిన్న చిన్నవి వరసగా పెట్టి, పట్టీ మడిచి, ముద్దకీ ముద్దకీ మధ్య వేళ్లతో గిల్లి, అప్పుడు కోస్తారు. ప్లిన్ అంటే అక్కడి మాటలో గిల్లడమే. కజ్జికాయ అంచు నొక్కిన చేతులకు ఆ పని కొత్తగా అనిపించదు. మధ్యాహ్నమంతా కూర్చుని ఇద్దరు ఎన్ని గిల్లగలరో, రాత్రికి అన్ని ప్లేట్లే. కుర్చీలు పెంచితే మిషన్ కొనాలి, మిషన్ కొంటే ఆ హోటల్‌కి జనం రావడానికి కారణమే పోతుంది. మీ అమ్మాయికి ఈ లెక్క అర్థమైందని నాకు అనిపిస్తోంది. అందుకే ఆపొద్దన్నాను.

కానీ తను చూసింది అక్టోబర్ ఫొటోలై ఉంటాయి. ఆల్బాలో తెల్ల ట్రఫుల్స్ (మట్టిలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగులు) సంత జరిగే రోజులవి, గదులు దొరకవు. జనవరి, ఫిబ్రవరుల్లో కొండల మీద పొగమంచు, చాలా హోటళ్లకు తాళాలు. అద్దె మాత్రం ఆగదు. ఆ రెండు నెలలు అక్కడ గడిపాక కూడా అదే మాట అంటే నమ్మండి.

వెళ్లే ముందు ఒక పని చేయించండి. నాసిక్‌లో వైన్ ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి దాకా ఉంటాయి. అక్కడ ఏదైనా చిన్న వైనరీలో ఆ సీజన్ పనిచేయమనండి. జీతం పెద్దగా రాకపోయినా ఫరవాలేదు. ట్యాంకులు కడిగి, చేతులు జిగటగా రోజంతా నిలబడ్డాక తన మనసేంటో తనకే తెలుస్తుంది. వాళ్లమ్మగారికి చెప్పండి, వైన్ చదువులో రుచి చూసి ఉమ్మేయడమే పద్ధతి.

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇటలీ ఏడాది వరకు ఉండనిస్తుంది. ఆ తర్వాత కనీసం మూడేళ్లు వేరేవాళ్ల వంటగదిలో జీతానికి చేయాలి, సొంత హోటల్ మాట అప్పుడే. హోటల్ తెరవాలంటే కావలసిన కోర్సూ, ఊళ్లో బేరమూ అన్నీ ఇటాలియన్‌లోనే. మీరు ఫీజుకీ, రెండేళ్ల ఖర్చుకీ లెక్క వేసి పెట్టండి. భాష క్లాసు ఈ నెలలోనే చేర్పించండి.