నెలల తరబడి జనం మధ్య తిరిగి, చూసి రాసే రిపోర్టింగ్‌కు గ్రాంట్ దొరుకుతుందా?

గుంటూరు మిర్చి యార్డు కూలీల మధ్య కొన్ని నెలలు తిరిగి పుస్తకం రాయాలనుంది, ఖర్చుకు ఎవరైనా డబ్బిస్తారా అని మీరు అడిగారు. ఇస్తారండీ. కానీ తెలుగులో రాసేవాళ్లకు దారులు తక్కువ, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

మీకు 30 ఏళ్లు దాటకపోతే ముందు యువ రచయితల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పీఎం-యువ పథకం చూడండి. 2021లో మొదలైంది, నేషనల్ బుక్ ట్రస్ట్ నడుపుతుంది. తెలుగులోనే రాయొచ్చు. నెలకు 50,000 రూపాయల చొప్పున ఆరు నెలల స్కాలర్‌షిప్. చిక్కల్లా, అంశం వాళ్లే ప్రకటిస్తారు. మొదటి విడత స్వాతంత్ర్యోద్యమం, 2022లో ప్రజాస్వామ్యం. మీ యార్డును అందులో బలవంతంగా ఇరికించకండి.

ఇంగ్లీషులో రాయగలిగితే న్యూ ఇండియా ఫౌండేషన్ ఫెలోషిప్ ఉంది, స్వతంత్ర భారతం మీద పుస్తకాలకు. 2014లో ఉగాండాలో రిపోర్టింగ్ చేస్తూ చనిపోయిన అమెరికన్ జర్నలిస్టు మాథ్యూ పవర్ పేరిట న్యూయార్క్ యూనివర్సిటీ ఇచ్చే అవార్డు కెరీర్ మొదట్లో ఉన్నవాళ్ల కోసమే.

ఎక్కడైనా ప్రపోజలే ముఖ్యం. 'కూలీల కష్టాలు' అని రాస్తే ఎవరి మనసూ కదలదు. తెల్లారకముందే టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ఒక మనిషిని, ఘాటుకు ముక్కుకి గుడ్డ కట్టుకుని తొడిమలు తీసే ఒక అమ్మను చూపించండి. అందుకే దరఖాస్తుకు ముందే సీజన్లో, ఫిబ్రవరి, మార్చి నెలల్లో, నాలుగు రోజులు అక్కడ గడిపి పది పేజీలు రాసుకోండి. బడ్జెట్లో బస్సు చార్జీలు, గది అద్దె ఉన్నదున్నట్టు వేయండి. మీతో మాట్లాడేవాళ్లకు మీరేం రాస్తున్నారో ముందే చెప్పండి.