ఇటలీ మాఫియా మీద నడిచినంత పెద్ద విచారణ మన దగ్గర సాధ్యమేనా?

ప్రశ్న: ఇటలీలో 1986లో ఒకే కేసులో 475 మంది మాఫియా వాళ్ళని కలిపి విచారించారని చదివాను. మన దగ్గర ముఠా కేసులు అలా నడుస్తాయా? అలాంటి కేసులో సాక్ష్యం చెప్పినవాళ్ళు ఉంటే చెప్పగలరు.

నేను లాయర్ని కాను. మాది మదనపల్లె. 2006 నుంచి బెంగళూరులో ఉంటున్నాను, చిక్కపేటలో స్టీలు సామాన్ల కొట్టు. ఒక ముఠా కేసులో పంచ సాక్షిగా బోనెక్కాను. ఇక్కడ మహజర్ సాక్షి అంటారు. అంటే పోలీసులు సొత్తు పట్టుకునేటప్పుడు పక్కనుండి చూసి, అది రాసిన కాగితం (మహజర్) మీద సంతకం పెట్టేవాడు. అదొక్కటే నా అర్హత. ఆ కేసు అయ్యాక పిచ్చి పట్టినట్టు ఇలాంటి కేసుల గురించే చదివాను కాబట్టి, మీరడిగిన ఇటలీ విచారణ, అంటే పాలెర్మో నగరంలో నడిచిన ఆ కేసు సంగతి కూడా కాస్త తెలుసు.

ముందు నా కథ. రాత్రిపూట షట్టర్లు లేపి వెండి కొట్లు, బట్టల కొట్లు దోచే ముఠా ఒకటి మా గోడౌన్ వెనక వీధిలో అద్దెకుండేది. మాకెవరికీ తెలీదు. 2012లో ఒకరోజు పొద్దున్నే ఎస్సై వచ్చి, "రెండు నిమిషాలు రండి సార్, ఒక సంతకం" అన్నాడు. ఆ రెండు నిమిషాలు మూడున్నర గంటలయ్యాయి. బేడీలతో ఉన్న మనిషి మంచం కింద చూపించాడు, అటక మీద చూపించాడు. గోనెసంచుల్లోంచి వెండి కుందులు, పట్టుచీరలు, ఒక గ్యాస్ కట్టర్, రెండు గడ్డపారలు బయటికొచ్చాయి. ఒక్కొక్కటీ తూకం వేసి, గుడ్డలో కట్టి, లక్క సీలు వేసి, చీటీల మీద నాతోనూ, ఎదురింటి టైలర్‌తోనూ సంతకాలు పెట్టించారు.

ఈ సంతకానికి అంత విలువ ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. పోలీసుల ముందు నిందితుడు "నేనే చేశాను" అని వందసార్లు చెప్పినా మన కోర్టులో అది చెల్లదు. వాడు చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే, ఆ దొరికినంత మేరకే ఆ మాటకి విలువ. దొరకడం కళ్ళారా చూశామని చెప్పాల్సింది మేమిద్దరం. కర్ణాటకలో వ్యవస్థీకృత నేరాల మీద 2000 నాటి ప్రత్యేక చట్టం ఒకటుంది, కోకా అంటారు. దాని కింద ఎస్పీ స్థాయి అధికారి నమోదు చేసిన వాంగ్మూలం చెల్లుతుంది. మా కేసులో కోకా పెట్టలేదు.

సమన్లు 2017లో వచ్చాయి. ఐదేళ్ళకి! మొదటిసారి వెళ్తే ఒక నిందితుడిని జైలు నుంచి తీసుకురావడానికి ఎస్కార్ట్ దొరకలేదట, వాయిదా. రెండోసారి ఏడో నిందితుడి లాయర్ రాలేదు. మూడోసారి జడ్జిగారు సెలవు. ప్రతిసారీ కొట్టు మూసి పొద్దున పదింటికల్లా వెళ్ళి, సాయంత్రం దాకా వరండాలో కూర్చోవడమే.

ఆ వరండాలోనే ఇంకొకటి జరిగింది. నేను మా ఆవిడతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతున్నాను. పక్కన కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని నిలబడ్డ నిందితుల్లో ఒకడు నవ్వుతూ, "అన్నా, మీది ఏ ఊరు?" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. బెదిరించలేదు. పరాయి ఊళ్ళో మన భాష వినపడితే ఎవరైనా అడిగే మాటే. కానీ నా గొంతు ఎండిపోయింది. "చిత్తూరు" అని అబద్ధం చెప్పాను. ఇంటికొచ్చి ఎందుకు చెప్పానా అని మా ఆవిడ దగ్గర దోషిలా నిలబడ్డాను. ఆమెకి అప్పట్నుంచి ఒకటే టెన్షన్, పిల్లల్ని స్కూలు వ్యానులో పంపడం మానేసి తనే దింపి వచ్చేది.

ఇప్పుడు పాలెర్మోకి వస్తాను. అక్కడ పెద్ద సమస్య 475 మందిని కూర్చోబెట్టడం కాదు. దానికి ఉచియార్దోనే జైలు పక్కనే కొత్తగా ఒక బంకర్ కోర్టు కట్టేశారు. జైలు నుంచి నేరుగా లోపలికి దారి, చుట్టూ నిందితుల్ని ఉంచే బోనులు. మధ్యలో న్యాయమూర్తికి ఏమైనా అయితే విచారణ ఆగిపోకుండా అదనపు న్యాయమూర్తులనీ పక్కన కూర్చోబెట్టారు. అసలు సమస్య, నోరు విప్పే మనిషిని బతికించుకోవడం. టొమాసో బుషెట్టా అనే మాఫియా మనిషి, ఎదుటి వర్గం చేతిలో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్నాక, 1984లో దర్యాప్తు జరిపే జడ్జి జొవాన్నీ ఫాల్కోనేకి ముఠా గుట్టంతా విప్పాడు. ఫాల్కోనే, ఆయన సహచరుడు పావోలో బోర్సెల్లీనో ప్రాణభయం వల్ల కుటుంబాలతో సహా ఒక జైలు దీవికి వెళ్ళి ఫైళ్ళు తయారు చేశారు. బయటికొచ్చాక ఆ దీవిలో ఉన్నందుకు బస ఖర్చుల బిల్లు చేతిలో పెట్టిందట అక్కడి ప్రభుత్వం. ఇది చదివినప్పుడు నాకు నా సాక్షి బత్తా, అంటే కోర్టుకి వచ్చినందుకు సాక్షికిచ్చే ఖర్చుల డబ్బు, గుర్తొచ్చింది. ఏ దేశమైనా గుమాస్తా గుమాస్తానే.

కాలయాపన అక్కడా ఉంది. కేసు కాగితాలన్నీ కోర్టులో పైకి చదవాల్సిందేనని నిందితుల తరఫు లాయర్లు పట్టుబట్టారు. లక్షల పేజీలు చదివేలోపు రిమాండు గడువు దాటిపోతే అందరూ బయటికొచ్చేస్తారని ఎత్తు. 1987లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని ఆపింది. అదే ఏడాది డిసెంబరు 16న తీర్పు: 19 మందికి యావజ్జీవం, 114 మందికి విడుదల, మిగిలినవాళ్ళకి అన్నీ కలిపి 2,665 ఏళ్ళ శిక్ష. మొదలైన 22 నెలలకి! మా కేసులో అంతసేపట్లో మొదటి సమన్లు కూడా రాలేదు.

అలాగని మన దగ్గర జరగలేదని కాదు. 1993 బొంబాయి పేలుళ్ళ కేసులో ఆర్థర్ రోడ్డు జైల్లోనే కోర్టు పెట్టి 123 మందిని విచారించి, 100 మందిని దోషులుగా తేల్చారు. శిక్షలు ఖరారయ్యేసరికి 2007 వచ్చింది. మా బెంగళూరులోనే దోపిడీలు, హత్యలు చేసిన దండుపాళ్య ముఠా కేసులకి పరప్పన అగ్రహార జైల్లో ప్రత్యేక కోర్టు నడిచింది. కట్టడం కడతాం, చట్టం చేస్తాం. మధ్యలో నాలాంటివాడు ఐదేళ్ళు ఎలా నిలబడతాడన్నదే ఎవరికీ పట్టదు. సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది, దరఖాస్తు పెట్టుకోవచ్చు. నా వంతు అంతకు ముందే అయిపోయింది.

నాలుగోసారికి బోనెక్కించారు. ప్రభుత్వ లాయర్ (పీపీ) గారి చీఫ్, అంటే మొదట అడిగే ప్రశ్నలు, పది నిమిషాల్లో అయిపోయింది. నిందితుల లాయర్ల క్రాస్, అంటే ఎదురు ప్రశ్నలు, గంటన్నర. పదకొండు మంది నిందితులకి ఏడుగురు లాయర్లు. గోనెసంచులు ఎన్ని? తలుపు ఏ వైపు తెరుచుకుంటుంది? తూకం వేసింది ఎవరి తక్కెడ? ఐదేళ్ళ కిందటి తలుపు! తెలిసింది చెప్పాను, తెలియనిది గుర్తులేదన్నాను. చివరికి పెద్ద లాయర్ అసలు బాణం తీశాడు. "మీరు తెలుగువారు. మహజర్ కన్నడలో ఉంది. ఏం రాసుందో తెలియకుండానే స్టేషన్‌లో కూర్చుని సంతకం పెట్టారు, అవునా?"

కాగితం నా చేతికివ్వమన్నాను. జడ్జిగారు ఇప్పించారు. కన్నడ అక్షరం మన అక్షరానికి తోబుట్టువే కదా, తలకట్టు దగ్గరే కాస్త తేడా. బస్సు బోర్డులు చదివి చదివి అలవాటైపోయింది. స్టేషన్‌లో రాతపని చేసే రైటర్ చేతిరాత మాత్రం దేవుడే చదవాలి. కూడబలుక్కుంటూ "పంచర సమక్షమ..." అని రెండు వరుసలు చదివాను, మదనపల్లె యాసలో. వెనక ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు గానీ, రాసే అమ్మాయికి చెప్పి అది రికార్డు చేయించారు. మిగతా లాయర్లు లేచి "క్రాస్ అడాప్టెడ్" అని కూర్చున్నారు. అంటే ఆయన అడిగిందే మాదీ అనుకోండని.

టైలర్ మాత్రం ఎదురు తిరిగాడు. సంతకం నాదే గానీ ఏమీ చూడలేదన్నాడు. అతన్ని ఇక్కడ చాలామంది తప్పుపడతారు, నేను తప్పుపట్టలేను. అతని ఇల్లు ఆ వీధిలోనే, రోజూ ఆ మొహాల మధ్యే బతకాలి. నా గోడౌన్ ఈలోగా వేరేచోటికి మార్చుకున్నాను.

తీర్పులో ఆరుగురికి శిక్ష పడింది, ముగ్గురు బయటపడ్డారు. పదకొండులో ఇద్దరేరీ అంటారా? బెయిలు మీద బయటికొచ్చి విచారణ మధ్యలోనే పరారయ్యారు. పాలెర్మోలో అప్పటికింకా పట్టుబడని పెద్ద నాయకుడు తోతో రీనాకి కూడా పరోక్షంలోనే యావజ్జీవం వేసేశారు, మనిషి 1993లో గానీ దొరకలేదు. మన దగ్గర పరారీలో ఉన్నవాడి మీద విచారణ ముగించి తీర్పు చెప్పే వీలు 2024 జూలైలో వచ్చిన కొత్త చట్టంతోనే కలిగింది. అంతకుముందు వాళ్ళ కేసు విడదీసి పక్కన పెట్టేవారు, దొరికినప్పుడు సాక్షుల్ని మళ్ళీ పిలవచ్చు.

ఆ ఇద్దరిలో ఒకడు దొరికాడట. పోయిన వారం సమన్లు అందాయి, వచ్చే నెల తొమ్మిదిన రమ్మని. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.