సైమల్‌లో గ్రాండ్‌మాస్టర్‌తో డ్రా సాధ్యమేనా? అసలు కష్టం ఆఖరి గంటలోనే

చెస్‌లో 1400 రేటింగ్‌తో (అంటే మామూలు ఆటగాడి స్థాయి), నెల రోజుల్లో కాలేజీలో జరిగే సైమల్‌లో, అంటే ఒక్కరే చాలామందితో ఒకేసారి ఆడే ఆటలో, గ్రాండ్‌మాస్టర్ మీద కనీసం డ్రా అయినా వస్తుందా, ఎలా ప్రిపేర్ అవ్వాలి అని అడిగారు కదా. వస్తుందండి, కాకపోతే చాలా అరుదుగా. 2010 ఆగస్టులో హైదరాబాద్‌లో ప్రపంచ గణిత మహాసభలు జరిగినప్పుడు విశ్వనాథన్ ఆనంద్ 40 మందితో ఒకేసారి ఆడి 39 గేములు గెలిచారు, మిగిలిన ఆ ఒక్కటి డ్రా చేసింది 14 ఏళ్ల కుర్రాడు, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 1922లో క్లీవ్‌లాండ్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా అయితే 103 మందితో ఆడి 102 గెలిచాడు, ఒక్కటే డ్రా.

నేను కూడా కొన్నేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక సైమల్ ఆడాను. టేబుళ్లు యూ ఆకారంలో వేస్తారు, మనం బయట కూర్చుంటాం, గ్రాండ్‌మాస్టర్ లోపల తిరుగుతూ వస్తారు, మామూలుగా అన్ని బోర్డుల్లోనూ వైట్ ఆయనదే. ఆయన మన దగ్గరికి వచ్చాకే, ఆయన చూస్తుండగా ఎత్తు వేయాలి, అప్పటిదాకా పావులు ముట్టుకోకూడదు.

ఇక్కడ చాలామంది ముందుగా ఊహించని విషయం టైమ్. మొదట్లో ఆయన ఒక రౌండ్ తిరిగొచ్చేసరికి బోలెడు టైమ్ ఉంటుంది, హాయిగా ఆలోచించుకోవచ్చు, కానీ ఒక్కొక్కరూ ఓడిపోయి లేచి వెళ్లిపోతుంటే ఆయన తిరిగే రౌండ్ చిన్నదైపోతూ ఉంటుంది, చివరికి నాలుగైదు బోర్డులే మిగిలాక మనం ఆయన ఎత్తు స్కోర్‌షీట్‌లో రాసుకునేలోపే మళ్ళీ ఎదురుగా నిలబడి ఉంటారు. అంటే పొజిషన్ ఎంత సున్నితంగా మారితే మనకు దొరికే టైమ్ అంత తగ్గిపోతుంది. బాగా ఆడినవాళ్లు కూడా ఓడిపోయేది అక్కడే.

నా గేమ్ అలాగే నడిచింది. కారోకాన్ అనే ఓపెనింగ్ ఆడాను, మిడిల్ గేమ్ దాకా సమానంగానే ఉంది, మిగతా పావులన్నీ ఒకరివొకరు కొట్టేసుకుని రూక్ (ఏనుగు) ఎండ్‌గేమ్‌లోకి, అంటే ఆట చివరి దశలోకి వచ్చాం, ఇద్దరికీ సమానంగా పాన్‌లు (బంట్లు). ఆయన ఎటాక్ ఏమీ చేయలేదు, వచ్చిన ప్రతిసారీ రాజుని ఒక గడి ముందుకు జరిపి వెళ్లిపోయేవారు, ఆ రాజు మధ్యలోకి వచ్చి కూర్చున్నాక నా పాన్‌లు కాపాడుకోవడానికి నా రూక్ కదలలేని పరిస్థితి. ఆట అయ్యాక అడిగితే, రూక్‌ని వెనక కాపలా పెట్టకుండా ఒక పాన్ వదిలేసి అయినా ఎదురు దాడికి దింపి ఉండాల్సింది అని ఆ పొజిషన్ మళ్ళీ పేర్చి చూపించారు, అన్ని బోర్డులు ఆడి కూడా నా గేమ్ అంత స్పష్టంగా గుర్తుంది ఆయనకి. ఆ రెండు నిమిషాల పాఠం కోసమైనా సైమల్ ఆడాలి అంటాను నేను. మీరు కూడా మొహమాటపడకుండా అడగండి.

అందుకే ఈ నెల రోజులూ కొత్త ఓపెనింగ్ జోలికి వెళ్ళకండి, రోజూ ఆడేదే ఆడండి. డ్రా కోసం తొందరపడి పావులు మార్చేసుకోవద్దు, ఎండ్‌గేమ్ గ్రాండ్‌మాస్టర్ల సొంత ఇల్లు. అలాగని ఏదో గాంబిట్‌తో పావులు బలి ఇచ్చేస్తే ఆ టాక్టిక్స్ వాళ్లు నడుస్తూనే చూసేస్తారు. పాన్‌లు ఎదురెదురుగా బిగుసుకుపోయిన క్లోజ్డ్ పొజిషన్ అయితే ఆయన కూడా ఆగి ఆలోచించాలి, మనకి కావాల్సింది అదే. ఫిలిడోర్ పొజిషన్ మాత్రం చేతికి వచ్చేదాకా ప్రాక్టీస్ చేయండి, ఒక పాన్ తక్కువున్నా రూక్ ఎండ్‌గేమ్ డ్రా చేసే పద్ధతి అది.

ఫోన్ మాత్రం బ్యాగ్‌లోనే ఉండనివ్వండి. 2021లో ఆనంద్ కోవిడ్ సాయం కోసం ఆన్‌లైన్‌లో ఆడిన సైమల్‌లో ఒక వ్యాపారవేత్త కంప్యూటర్ సాయంతో గెలిచి తర్వాత క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, మంచి పని కోసం పెట్టిన ఆట అలా అయినందుకు నాకు చాలా బాధేసింది.

ఇంకొకటి, పాస్ ఉందా, ఎన్నిసార్లు ఇస్తారు అని ఆర్గనైజర్లని ముందే అడగండి. పాస్ అంటే ఆయన వచ్చినప్పుడు ఎత్తు వేయకుండా తర్వాతి రౌండ్‌కి వాయిదా వేసుకోవడం. ఉంటే మొదటి గంటలో ఒక్కటి కూడా వాడకండి, బోర్డులు తగ్గాకే వాడండి.