బంగారం తాకట్టు పెట్టి విహార సభ్యత్వం కొనవద్దు

ప్రశ్న: మాది గుంటూరు, లక్ష్మీపురం. నా వయసు 38. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. నెలకు 72,000 రూపాయలు చేతికి వస్తాయి. నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని, ఆమె జీతం 18,000. మాకు తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. 66 ఏళ్ల మా అమ్మగారు మాతోనే ఉంటారు, ఆమెకు బీపీ, షుగరు ఉన్నాయి. మా సంస్థ ఇచ్చే 3 లక్షల ఆరోగ్య బీమాలో ఆమె లేరు. నా పేరున టర్మ్ పాలసీ (నేను పోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) లేదు. ఇంటి రుణం వాయిదా 24,000, ఇంటి ఖర్చు 48,000, పిల్లల ఫీజులు నెలకు సగటున 9,000. బ్యాంకులో 65,000 ఉన్నాయి. ఏటా 60,000 దాకా బోనసు వస్తుంది. ఇటీవల బందరు రోడ్డులోని ఒక మాల్‌లో లక్కీ డ్రా కూపన్ నింపాం. తరువాత బహుమతి వచ్చిందని చెప్పి, దంపతులిద్దరూ తప్పనిసరిగా రావాలని ఒక హోటలుకు పిలిచారు. అక్కడ 25 ఏళ్ల విహార సభ్యత్వం గురించి మూడు గంటలు వివరించారు. ధర 4,50,000. ఏటా ఏడు రాత్రులు బస, నిర్వహణ రుసుము ఏటా 18,000, జీఎస్టీ అదనం. ఇది ఆస్తి అని, పిల్లలకు వస్తుందని చెప్పారు. ఆ రోజుకే ఈ ధర అన్నారు. మేము ఆలోచించుకుంటామని వచ్చేశాక, నాలుగు రోజులకు ఫోన్ చేసి నెలాఖరు దాకా ఇస్తామన్నారు. 50,000 క్రెడిట్ కార్డు మీద కట్టి, మిగిలిన 4,00,000 నాలుగేళ్ల వాయిదాలలో 14 శాతం వడ్డీకి తీసుకోవాలా, లేక నా భార్య 12 కాసుల బంగారం బ్యాంకులో పెట్టి కట్టాలా?

జవాబు: రెండూ వద్దు. ఏ అప్పు మంచిదని మీరు అడిగారు కానీ, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట వేరే ఉంది. ‘బ్యాంకులో 65,000 ఉన్నాయి’ అన్న మాట అది. మీ ఇంటికి వాయిదాతో, ఫీజులతో కలిపి నెలకు 81,000 కావాలి. అంటే రేపు మీ ఉద్యోగానికి ఏదైనా ఆటంకం వస్తే, మీ భార్య జీతం కలుపుకున్నా, మీ చేతిలో ఉన్నది ఒక్క నెలకు మించి రాదు. ఇద్దరు సంపాదిస్తూ, సొంత ఇంట్లో ఉంటూ, చూసేవారికి స్థిరపడిన కుటుంబంలా కనిపించే ఎందరో ఇదే స్థితిలో ఉన్నారు. విజయవాడ, గుంటూరుల నుంచి నాకు వచ్చే ఉత్తరాలలో ఈ పొరపాటే మళ్లీ మళ్లీ కనిపిస్తున్నందువల్ల మీకు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆరు నెలల ఖర్చు ఎంతో లెక్క వేయండి. 81,000 చొప్పున ఆరు నెలలకు 4,86,000 రూపాయలు. ఆ సభ్యత్వం ధర 4,50,000. మీ కుటుంబానికి ఇప్పుడు లేనిది, ఉండి తీరవలసినది అయిన అత్యవసర నిధికి దాదాపు సమానమైన మొత్తాన్ని, అప్పు చేసి మరీ, పాతికేళ్ల పాటు ఏటా ఒక వారం గది కోసం ఇచ్చేయబోతున్నారు.

2024 సెప్టెంబరు మొదటి రోజులను మీరు మరిచిపోయి ఉండరు. బుడమేరు నీరు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లలోకి వచ్చినప్పుడు, ఆ ప్రాంతంలో నాకు తెలిసిన రెండు కుటుంబాలు ఒకే వీధిలో, రెండూ కింది అంతస్తులోనే ఉండేవి. రెండిళ్లలోనూ ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు, స్కూటరు పాడైపోయాయి. రెండిళ్ల యజమానులకూ చిన్న దుకాణాలే ఆధారం కాబట్టి నెల రోజులకు పైగా రాబడి ఆగిపోయింది. ఒకరికి 3 లక్షల రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని విడిపించి స్కూటరు బాగుచేయించుకున్నారు, సరుకు తెచ్చుకున్నారు, దీపావళి నాటికి దుకాణం మామూలుగా నడిచింది. రెండోవారు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఏడాదికి 36 శాతం పడే ఆ వడ్డీ, వరద నీరు తీసిన తరువాత కూడా చాలా కాలం వారింట్లోనే ఉండిపోయింది. ఈ ఇద్దరి సంపాదనలో పెద్ద తేడా లేదు, ఖర్చు చేసే తీరులోనూ లేదు. అవసరమైన రోజున తీసుకోగలిగిన డబ్బు ఒకరికి ఉంది, మరొకరికి లేదు.

ఇప్పుడు సభ్యత్వం లెక్క చూద్దాం. ఏటా 18,000 రుసుము మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 21,240 అవుతుంది. 4,50,000 రూపాయలు మీ దగ్గరే ఉండి 7 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 31,500 వచ్చేది, ఆ రాబడిని మీరు వదులుకుంటున్నారు. ఈ రెండూ కలిపితేనే 52,740. కట్టిన అసలును పాతికేళ్లకు పంచితే మరో 18,000 చేరి, ఏడు రాత్రులకు 70,740 రూపాయలు. అదే ఏడు రాత్రులకు రాత్రికి 5,000 రూపాయల మంచి గదిని మీరే నేరుగా తీసుకుంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదుల మీద జీఎస్టీ 5 శాతమే కనుక, 36,750తో సరిపోతుంది. ఇదంతా మీరు ఒక్క ఏడాది కూడా మానకుండా వెళ్తారన్న లెక్క. పిల్లల పరీక్షల వల్లో, అమ్మగారి ఆరోగ్యం వల్లో ఒక ఏడాది మానేస్తే, ఆ ఏడాది రుసుము మాత్రం మానదు.

ఆ రుసుము 18,000 దగ్గరే ఆగుతుందని కూడా అనుకోవద్దు. ఏటా 6 శాతం చొప్పున పెరిగితే, ఇరవై అయిదో ఏట మీరు కట్టేది పన్నుతో కలిపి దాదాపు 86,000 రూపాయలు, పాతికేళ్లలో రుసుముల కిందనే కట్టేది సుమారు 11,65,000. అప్పటికి మీ వయసు 63. జీతం ఆగిపోయిన తరువాత కూడా మీరు ఆ రుసుము కడుతూ ఉంటారు. ఒప్పందంలో రుసుము పెంపుకు పరిమితి రాశారా అన్నది మీకు ఎవరూ చెప్పలేదు, మీరూ అడగలేదు.

పైగా, సభ్యత్వంలో వచ్చేది గది మాత్రమే. గుంటూరు మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో గోవా వెళ్లినా, అయిదుగురి రైలు టిక్కెట్లు, అక్కడి కారు, రిసార్టులో మూడు పూటల భోజనం మీరే భరించాలి. ఈ సభ్యత్వాలలో సాధారణంగా కాలాన్ని బట్టి తరగతులు ఉంటాయి. తక్కువ ధర తరగతి తీసుకున్నవారికి వేసవి సెలవులలో, సంక్రాంతి, దసరా రోజులలో గది దొరకదు. మీ భార్య ఉపాధ్యాయిని, పిల్లలు బడికి వెళ్లేవారు. మీరు నలుగురూ కలిసి కదలగలిగేది ఆ రోజులలోనే. మీకు చూపిన 4,50,000 సభ్యత్వం ఏ తరగతిదో మీ ఉత్తరంలో లేదు. బహుశా ఆ మూడు గంటలలో అది స్పష్టంగా చెప్పి ఉండరు.

ఇది ఆస్తి అని, పిల్లలకు వస్తుందని మీకు చెప్పారని రాశారు. మీ ఇంటికి ఉన్నట్లు దీనికి రిజిస్ట్రేషన్ దస్తావేజు ఉండదు. ఇది కొంతకాలం గదిని వాడుకునే హక్కును ఇచ్చే ఒప్పందం. అవసరానికి అమ్ముదామంటే కొనేవారు సులభంగా దొరకరు, దొరికినా కట్టిన ధరలో చిన్న భాగమే వస్తుంది. మీ సభ్యత్వం మేము అమ్మిపెడతామని, ముందుగా కొంత రుసుము పంపమని ఫోన్ చేసే వారి చేతిలో రెండోసారి నష్టపోయినవారు కూడా నా దగ్గరికి వచ్చారు.

అప్పు విషయంలో నా మాట కటువుగా ఉంటే మన్నించండి. నెలకు 81,000 ఖర్చయ్యాక మీ ఇద్దరి 90,000 జీతంలో మిగిలేది 9,000. 4,00,000 మీద 14 శాతం వడ్డీకి నాలుగేళ్ల వాయిదా నెలకు సుమారు 10,930. అంటే మొదటి నెల నుంచే దాదాపు 2,000 తక్కువ పడుతుంది. ఆ లోటును పూడ్చేది క్రెడిట్ కార్డే అవుతుంది. ఆ కార్డు మీద ముందే 50,000 ఉంటుంది. నెలకు 3.5 శాతం వడ్డీ వేసే కార్డయితే దాని మీద నెలకు 1,750, ఆ వడ్డీ మీద జీఎస్టీ 315. ఇలా మొదలైన అప్పు సర్దుకుంటుందని అనుకోవడం నాకు అసలు అర్థం కాని విషయం.

బంగారం సంగతి ఇంతకన్నా బాధాకరం. వడ్డీ తక్కువని మీ స్నేహితులు చెప్పి ఉంటారు. 10 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 40,000 కడితే అసలు కదలదు, గడువు తీరగానే వడ్డీ కట్టి తిరగరాయిస్తారు, మళ్లీ ఏడాది తిరగరాయిస్తారు. ఒక ఏడాది వడ్డీ కూడా కట్టలేకపోతే వేలం నోటీసు వస్తుంది. అత్యవసర నిధి లేని మీ ఇంటికి ఆ 12 కాసులే చివరి ఆధారం. ఏ అర్ధరాత్రో అమ్మగారిని ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, మరునాడు ఉదయం మీరు తీసుకువెళ్లగలిగేది ఆ బంగారమే. దాన్ని ముందే విహారానికి తాకట్టు పెట్టేస్తే, ఆ ఉదయం మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు? ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న బంగారం ఒక హోటలు గది కోసం బ్యాంకు లాకరులోకి వెళ్లడానికి నేను ఒప్పుకోలేను.

అమ్మగారి గురించే ఇంకో మాట. మీ సంస్థ ఇచ్చే 3 లక్షల ఆరోగ్య బీమాలో ఆమె లేరని రాశారు. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు చికిత్స 2024 అక్టోబరు చివర నుంచి అందుబాటులో ఉంది కానీ, ఆమెకు ఇంకా నాలుగేళ్లు పడుతుంది. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరని అనుకోవద్దు, ఆ వయసు పరిమితిని 2024 ఏప్రిల్‌లో తొలగించారు. ముందే ఉన్న జబ్బులకు బీమా వర్తించని నిరీక్షణ కాలం కూడా మూడేళ్లకు మించకూడదు. కాబట్టి ఈ నెలలోనే బీపీ, షుగరు ఉన్నాయని దాచకుండా రాసి, ఆమె పేరున విడిగా పాలసీ తీసుకోండి. మీ పేరున టర్మ్ పాలసీ లేకపోవడం కూడా సరికాదు. ఇంటి రుణం ఉన్నవారు దాన్ని వాయిదా వేయకూడదు.

ఇక దారి చెబుతాను. మీ దగ్గరున్న 65,000 నిధికి పునాది. నెలకు మిగిలే 9,000 జీతం పడిన మరునాడే వేరే ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వండి. ఇరవై నెలలలో మూడు నెలల ఖర్చు, 2,43,000 రూపాయలు, పోగవుతాయి. మొత్తం ఆరు నెలల నిధికి 47 నెలలు పడుతుంది. వడ్డీ కలిస్తే ఇంకొంచెం ముందే పూర్తవుతుంది. మీరు వాయిదాలు కట్టాలనుకున్నదీ నాలుగేళ్లే. కొంత పొదుపు ఖాతాలో, మిగిలినది చిన్న చిన్న డిపాజిట్లుగా ఉంచండి, ఒక్క పెద్ద డిపాజిట్‌గా వద్దు. షేర్లలోకి, చిట్టీలలోకి ఆ డబ్బును పంపవద్దు. బోనసు 60,000లో 35,000 అమ్మగారి పాలసీకి పక్కన పెట్టండి, మిగిలిన 25,000తో పిల్లలను తిప్పండి. టర్మ్ పాలసీ ప్రీమియం ఇంటి ఖర్చు 48,000 లోంచే సర్దుకోవాలి, నిధి 9,000ను ముట్టుకోవద్దు. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలులో అరకు వెళ్లిరండి. మరో ఏడాది బాపట్ల దగ్గరి సూర్యలంక చాలు. రెండు చోట్లా రాష్ట్ర పర్యాటక సంస్థ హరిత గదులు ఉన్నాయి. పిల్లల ఆనందం 4,50,000 దగ్గర మొదలవదు.

ఈ సభ్యత్వం ఎవరికీ పనికిరాదని నేను అనను. ఆరు నెలల నిధి, తగిన బీమా ఉండి, అప్పు లేకుండా కట్టగలిగి, ఏ నెలలోనైనా సెలవు పెట్టుకోగలిగి, ఏటా తప్పకుండా రిసార్టుకే వెళ్లే కుటుంబానికి అది సరిపోవచ్చు. మీరు ఆ స్థితికి చేరాక మళ్లీ రాయండి, అప్పుడు ఒప్పందం చదివి మాట్లాడుకుందాం.

ఇప్పటికే సంతకం చేసిన పాఠకులు ఎవరైనా ఉంటే, ముందుగా ఒప్పందంలో రద్దు చేసుకునే గడువు ఎన్ని రోజులో చూడండి. ఆ గడువు లోపలే ఈమెయిల్ పంపి, అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి. ఫోన్‌లో చెప్పినది చెల్లదు. డబ్బు తిరిగి రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మీకు మాత్రం ఆ అవసరం రాలేదు. ‘ఆ రోజుకే’ అన్న ధర నాలుగు రోజుల తరువాత కూడా అలాగే ఉంది కనుక, నెలాఖరు అన్నది కూడా గడువు కాదు. వారు మళ్లీ ఫోన్ చేస్తే, మాకు అవసరం లేదని ఒక్క మాటలో చెప్పండి. ఆ సాయంత్రమే మీ భార్యతో కలిసి బ్యాంకుకు ఇవ్వవలసిన 9,000 ఆదేశం రాసుకోండి.