గొంతునొప్పి తగ్గాక ఒంటిమీద పొలుసులు

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. గొంతునొప్పి, జ్వరం తగ్గిన రెండు వారాలకు పొట్టమీద, వీపుమీద చిన్న చిన్న ఎర్ర మచ్చలు లేచాయి. పైన తెల్లటి పొట్టు. సోరియాసిస్ అన్నారు. మావారికి మోచేతుల మీద ఇదే ఉంది. ఇది వంశపారంపర్యమా, ఏదైనా పడకా? ఏమేం మాన్పించాలి?

జవాబు: సోరియాసిస్ వచ్చే తత్వం పుట్టుకతో ఉంటుంది, దాన్ని బయటికి లాగేది ఇంకేదో. మీవాడి విషయంలో ఆ ‘ఇంకేదో’ గొంతే అయి ఉండాలి. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో గొంతు వాచిన తర్వాత, సాధారణంగా రెండు మూడు వారాలకు, నీటిచుక్కలు చిలకరించినట్టు ఒంటినిండా మచ్చలు రావడాన్ని గట్టేట్ సోరియాసిస్ అంటారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకాల్లో ఇదొకటి. ఆ బ్యాక్టీరియాతో పోరాడటానికి సిద్ధమైన రోగనిరోధక కణాలే చర్మం మీదికి మళ్లుతాయి. దాంతో చర్మకణాలు పక్వానికి రాకముందే పైకి వచ్చి పొలుసులుగా పేరుకుంటాయి.

అందుకని తిండి మాన్పించే ముందు గొంతు పరీక్ష అడగండి. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీస్తారు. మలద్వారం చుట్టూ ఎర్రగా ఉండి, విరేచనానికి వెళ్లినప్పుడు నొప్పి అంటుంటే ఆ సంగతీ చెప్పండి. ఇదే బ్యాక్టీరియా అక్కడా చేరుతుంది, పిల్లలు సిగ్గుపడి చెప్పరు. ఇన్ఫెక్షన్ ఉందని తేలితే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కోర్సు (చాలావరకు పది రోజులు) పూర్తిగా వాడాలి. మూడో రోజుకే గొంతు బాగైందని ఆపేస్తారు, తప్పు. అయితే అది గొంతుకు మందు, మచ్చలు దానితోనే మాయమవుతాయనుకోవద్దు. ఈ రకం చాలామందిలో కొన్ని వారాల నుంచి మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం పెద్ద మచ్చలుగా నిలిచిపోతుంది.

త్వరగా తగ్గాలని స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు అడగకండి. ఆపగానే జబ్బు రెట్టింపుగా తిరగబెట్టవచ్చు, చీము పొక్కుల రకంగా మారిన సందర్భాలూ ఉన్నాయి. పూత మందుల సంగతి వేరు, చెప్పినన్నాళ్లు చెప్పినచోట రాయవచ్చు.

ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే ముందు మానాల్సింది అదే. పొగ పీల్చే పిల్లల్లో, బరువెక్కువగా ఉన్న పిల్లల్లో సోరియాసిస్ ఎక్కువగా కనబడుతోంది. పలానా పదార్థం తింటేనే వస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. టీకాలు ఆపకండి. ఇది అంటుకునే జబ్బు కాదని స్కూల్లోనూ చెప్పండి.

ప్రశ్న: మా పాపకి పదకొండేళ్లు, సోరియాసిస్ ఉంది. గీరుకున్న గీత వెంటే కొత్త పొలుసులు వచ్చాయి. ఎందుకు?

జవాబు: దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. దెబ్బ, గీత, పురుగుకాటు, ఎండకు కమలడం, దేనివల్ల చర్మం దెబ్బతిన్నా ఒకటి రెండు వారాల్లో అక్కడే మచ్చ లేవవచ్చు. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. తలలో పొట్టును దువ్వెనతో పెకిలించకండి. రాత్రి నూనె రాసి నాననిస్తే మర్నాడు తలస్నానంలో మెత్తబడి ఊడుతుంది. జడ బిగించి వేయవద్దు. చలికాలంలో గాలి పొడిబారి జబ్బు పెరుగుతుంది కాబట్టి గోరువెచ్చని నీళ్లతో పదినిమిషాలు మించకుండా స్నానం చేయించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ గాని, వాసనలేని మాయిశ్చరైజర్ గాని రాయండి. ఈ జబ్బు కీళ్లకూ రావచ్చు కాబట్టి, పొద్దున లేవగానే కీళ్లు పట్టేశాయన్నా, వేలు వాచినా చర్మ వైద్యులకు వెంటనే చూపించండి.