డాక్టర్ మందు రాయలేదు, మనిషిని పంపిస్తానంది!

ప్రశ్న: ఇంగ్లండ్ వచ్చి ఏడాదిన్నర. మావారు ఆఫీసుకి, పాప బడికి వెళ్తే ఇంట్లో నేనొక్కదాన్నే. నిద్ర పట్టట్లేదని జీపీకి (మా ఫ్యామిలీ డాక్టర్‌కి) చెబితే, సోషల్ ప్రిస్క్రైబర్ ఫోన్ చేస్తారంది. నాకు పిచ్చి అనుకుంటోందా? వీసాకి ఇబ్బందా?

జవాబు: అయ్యో, పిచ్చీ లేదు ఏమీ లేదమ్మా! సోషల్ ప్రిస్క్రైబర్లు డాక్టర్లు కారు, వాళ్లనే లింక్ వర్కర్లనీ అంటారు. 2019 నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య వ్యవస్థ) వీళ్లను జీపీ సర్జరీల (అంటే క్లినిక్‌ల) ద్వారా బాగా పెంచింది, ఎందుకంటే ఒంటరితనం, అప్పులు, ఇంటి గొడవల్లాంటివి మాత్రలతో తీరవని, పది నిమిషాల అపాయింట్‌మెంట్‌లో అసలు తేలవని డాక్టర్లకీ తెలుసు. ఫీజు లేదు. తీరిగ్గా కూర్చుని మీకేం కావాలో అడుగుతారు, తర్వాత నడక బృందమో, తోటపనో, ఇంగ్లీషు క్లాసో చూసి పెడతారు, కొందరైతే మొదటిసారి వెంట కూడా వస్తారు (కొత్తచోట గుమ్మం దాటడమే కదా కష్టం). నచ్చకపోతే నచ్చలేదని మొహమాటం లేకుండా చెప్పండి. తెలుగులో మాట్లాడాలనుంటే దుబాసీ కావాలని ముందే సర్జరీలో అడగండి, మావారే చెప్తారులెండి అనొద్దు.

వీసా సంగతి: ఎన్‌హెచ్‌ఎస్ సేవలు ‘పబ్లిక్ ఫండ్స్’ (చాలా వీసాల మీద తీసుకోకూడని ప్రభుత్వ సాయాలు) కిందికి రావు, కాబట్టి ఆ టెన్షన్ వద్దు. ఎవరైనా అలాంటి ప్రభుత్వ బెనిఫిట్లకి అప్లై చేయమంటే మాత్రం మీ వీసా షరతులు చూసుకున్నాకే. ఫోన్ రావడానికి వారాలు పట్టొచ్చు, ఈలోగా నిద్ర మరీ పాడైతే జీపీ దగ్గరికే మళ్లీ వెళ్లండి.